మెయిల్ కింద వచ్చిన సామెత నా కోసమే వచ్చిందా?

మధురవాడ_మధు (ఆదివారం, రాత్రి 10:15)

ఆఫీసులో నేను పంపే ప్రతి మెయిల్ చివర, నా పేరు కింద, ఒక సామెత దానంతట అదే వచ్చి చేరుతుంది. చిన్న స్క్రిప్టు అంతే. ఒక ఫైల్లో 60 సామెతలు ఉన్నాయి. కొత్త మెయిల్ తెరిచిన ప్రతిసారీ అందులోంచి ఒకటి తీస్తుంది. రెండేళ్ళ కిందట సరదాకి పెట్టుకుని, తర్వాత దాని సంగతే మర్చిపోయాను.

గురువారం సాయంత్రం రాజీనామా మెయిల్ రాయడానికి కూర్చున్నాను. హైదరాబాద్‌లో ఒక చోట ఇక్కడికన్నా బాగా ఎక్కువ ఇస్తామన్నారు. మెయిల్ రాసి, మేనేజర్ అడ్రసు పెట్టి, పంపేముందు ఒకసారి చదువుకుందామని కిందికి వస్తే, నా పేరు కింద: "దూరపు కొండలు నునుపు."

చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది. పక్కనే కిటికీ, కిటికీ అవతల కొండ. దగ్గరి కొండ కదా, బండలూ తుప్పలూ అన్నీ లెక్కపెట్టగలిగేలా కనిపిస్తున్నాయి. మెయిల్ పంపకుండా లాప్‌టాప్ మూసేసి ఇంటికొచ్చేశాను.

అమ్మకి చెబితే "సింహాచలం అప్పన్న చెప్పించాడు నాయనా" అంది. ఫ్రెండ్‌కి చెబితే పడీ పడీ నవ్వాడు. బుధవారంలోగా హైదరాబాద్ వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. 60లో సరిగ్గా అదే, సరిగ్గా ఆ మెయిల్‌కే ఎందుకు రావాలి? మీరేమంటారు?

రుషికొండ_రూట్ (10:31)

బ్రో, నువ్వు రాజీనామా రాస్తున్నావో సెలవు చీటీ రాస్తున్నావో స్క్రిప్టుకి తెలీదు. నువ్వు ఒక్క అక్షరం కొట్టకముందే అది సామెత తీసేసింది. నువ్వు రాసిందంతా ఆ తర్వాతే.

ఇంకో సంగతి. ఇది కొత్త సరదా కాదు. పాత యూనిక్స్ కంప్యూటర్లలో లాగిన్ కాగానే ఒక సూక్తో జోకో చూపించే ప్రోగ్రాం ఉండేది. దాన్నే మెయిల్ సంతకానికీ తగిలించుకునేవారు. సంతకానికి ముందు రెండు గీతలు, ఒక ఖాళీ పెట్టాలి, ఆ కింద నాలుగు లైన్లు దాటకూడదు అని అప్పట్లో ఒక మర్యాద. ఆ ప్రోగ్రాం పేరేంటో తెలుసా? ఫార్చ్యూన్. అమెరికాలో చైనీస్ హోటళ్ళలో భోజనం అయ్యాక బిస్కెట్లో పెట్టి ఇచ్చే జోస్యం చీటీ లాంటిదన్నమాట. పేరే జోస్యం అని పెట్టుకుని, ఇందులో జోస్యం కనిపిస్తోందేంటి అని బుర్ర గోక్కుంటున్నాం.

ఆటోనగర్_బాబాయ్ (10:58)

రూట్ బాబూ, నీకు మిషన్ తెలుసు. దాన్ని ఆడించేవాడు తెలుసా?

నా సంగతి చెబుతాను. 2014 అక్టోబరు 11. హుద్‌హుద్ తుపాను మన విశాఖని కొట్టడానికి ముందురోజు. విజయవాడలో మాకు బేరింగులు పంపే పార్టీ మెయిల్ పెట్టాడు, రేటు లిస్టు. చివర వాడి పేరు కింద ఒక సామెత: "గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టు." చదవగానే ఒళ్ళు జలదరించింది. కుర్రాళ్ళిద్దరిని పిలిచి షెడ్డు రేకులకి నైలాన్ తాళ్ళు వేయించి, ఇసుక బస్తాలు కట్టించాను. మర్నాడు మా వరసలో రేకులు నిలిచిన షెడ్డు నాదొక్కటే. ఆ మెయిల్ ప్రింటు తీసి కౌంటర్ వెనక అంటించాను, ఇప్పటికీ ఉంది. ఎవరొచ్చినా చూపిస్తా.

బీచ్‌రోడ్డు_బజ్జీ (11:02)

బాబాయ్, ఆ రేటు లిస్టు ఇప్పటికీ చెల్లుతుందా?

లెక్కల_మాస్టారు (సోమవారం, ఉదయం 6:20)

మధు గారూ, ముందు మీ లెక్క చూద్దాం. 60లో సరిగ్గా అదే ఎందుకు అన్నారు. ఆ ఒక్కటే పనికొస్తుందా? "ఉన్న ఊరు కన్నతల్లి" వచ్చి ఉంటే? "పొరుగింటి పుల్లకూర రుచి" వస్తే? "నిదానమే ప్రధానం" వచ్చినా ఆగేవారు. "ఆలస్యం అమృతం విషం" వస్తే తక్షణం పంపేసి, చూశారా ఎలా చెప్పిందో అనేవారు. ఈ ఐదులో ఏది వచ్చినా ఇక్కడ ఇదే పోస్టు ఉండేది. 60లో 5 అంటే పన్నెండింట ఒకటి. వర్షాకాలంలో గొడుగు మర్చిపోయిన రోజే వాన పడటం కన్నా పెద్ద వింతేం కాదు. సామెతలతో వచ్చిన చిక్కే ఇది. ఒకటి ఔనంటే దానికి జోడీగా ఇంకొకటి కాదంటుంది. ఏది తగిలినా మన పనికి అతుకుతుంది.

బాబాయ్ గారూ, ఆ రోజు తుపాను వస్తోందని ఊరంతటికీ తెలుసు. టీవీలూ రేడియోలూ అంతకు ముందు నుంచే మొత్తుకుంటున్నాయి. సామెత రాకపోయినా తాళ్ళు వేయించేవారే. అదే మెయిల్ మార్చి నెలలో వచ్చి ఉంటే గోడెక్కేదా?

మన భాషలో దీనికి ఎప్పటినుంచో మాటలున్నాయి. కాకతాళీయం అంటాం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి బరువుకి రాలలేదు, రాలుతుందని కాకి వాలనూ లేదు. ఇంతకన్నా నాకిష్టమైనది ఘుణాక్షర న్యాయం. పురుగు కర్రని తొలుచుకుంటూ పోతుంది, ఒకచోట ఆ గాడి అచ్చం అక్షరంలా కనిపిస్తుంది. పురుగుకి ఓనమాలు రావు, చదివేది మనమే. జర్మన్ మానసిక వైద్యుడు క్లాస్ కొన్రాడ్ 1958లో ఇలా లేని లంకెలు చూడటానికి అపోఫీనియా అని పేరు పెట్టాడు. ఆయన చెప్పింది మనోవ్యాధి తొలిదశ గురించి. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న మనందరికీ కూడా వాడుతున్నారు, తప్పు లేదు.

ఆటోనగర్_బాబాయ్ (9:05)

మాస్టారూ, నన్ను పురుగుల్లో కలిపేశారు, సంతోషం. మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది, అదే చెప్పింది. యుంగ్ అని స్విట్జర్లాండు డాక్టరు. ఒకావిడ తనకి కలలో ఎవరో బంగారు పేడపురుగు నగ ఇచ్చారని చెబుతుంటే, ఆయన వెనకున్న కిటికీకి ఏదో టకటకా కొట్టుకుందట. తలుపు తీసి పట్టుకుంటే దానికి దగ్గరి జాతి పురుగు, బంగారు పచ్చ రంగులో! ఆవిడ చేతిలో పెట్టాడు. 1952లో ఇలాంటి కలయికలకి అర్థం ఉంటుందని పెద్ద వ్యాసం అచ్చువేస్తే, అదే పుస్తకంలో రెండో సగం రాసిందెవరు? పౌలి. నోబెల్ వచ్చిన ఫిజిక్స్ ఆయన. వాళ్ళకి లెక్కలు రావా?

లెక్కల_మాస్టారు (9:40)

వచ్చు. కానీ ఆ డాక్టరు జీవితమంతా వేల కలలు విన్నాడు. కిటికీకి ఏ పురుగూ కొట్టుకోని రోజులెన్నో రాసుకున్నాడా? ఏనుగు కలలోకి వచ్చిన రోజున వీధిలో ఏనుగు కనబడకపోతే ఎవరూ వ్యాసం రాయరు.

కేంబ్రిడ్జి గణితవేత్త లిటిల్‌వుడ్ పేరు మీద ఒక సరదా లెక్క ఉంది. మనిషి రోజుకి ఎనిమిది గంటలు కళ్ళూ చెవులూ తెరుచుకుని ఉంటాడనుకోండి. సెకనుకి ఒక్క సంఘటన చొప్పున రోజుకి 28,800. 35 రోజుల్లో పది లక్షలు దాటుతుంది. అంటే "పది లక్షల్లో ఒకటి" అనే వింత నెలకోసారి ఎవరికైనా జరగాలి. జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇది మా నాన్నగారి వల్ల నాకు బాగా నాటుకుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు మన ఊరి మీద బాంబులు వేశాక జనం ఊరొదిలి పల్లెలకి పోయారు. ఏ వీధి మీద పడుతుంది, ఏ వీధిని వదిలేస్తుంది అని అరుగుల మీద పెద్ద శాస్త్రమే నడిచేదని చెప్పేవారు. లండన్‌లోనూ అంతే. జర్మన్ల వి-1 ఎగిరే బాంబులు ఫలానా పేటల్నే ఏరి కొడుతున్నాయని జనం నమ్మారు. యుద్ధం అయ్యాక 1946లో క్లార్క్ అనే ఆయన దక్షిణ లండన్‌ని 576 గడులుగా గీసి, 537 దెబ్బలు ఏ గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాడు. 229 గడుల్లో ఒక్కటీ లేదు. ఒక గడిలో ఏడు. గుడ్డిగా గింజలు చల్లితే ఎలా పడతాయో దాదాపు అలాగే ఉంది. మనకేమో చల్లిన గింజలు చేనులో నాటినట్టు సమంగా పడాలనిపిస్తుంది. ఒకచోట నాలుగు కలిసి పడితే ఎవరో వేశారంటాం.

రుషికొండ_రూట్ (10:12)

పాటల ప్లేయర్ల గొడవా ఇదే మాస్టారూ. నిజంగా గుడ్డిగా పాటలు తీస్తే ఒకే సింగర్ వరసగా మూడుసార్లు వచ్చేవాడు, జనం కంప్లైంట్లు. 2005లో ఆపిల్ వాళ్ళు ఐట్యూన్స్‌లో ఒకే సింగర్ వెంటవెంటనే రాకుండా తగ్గించుకునే మీట పెట్టారు. గుడ్డిగా ఉన్నట్టు అనిపించడానికి, గుడ్డితనం తగ్గించాల్సి వచ్చింది.

పద్మ_ఎంవీపీ (మధ్యాహ్నం 1:25)

మీ ఇద్దరి లెక్కలూ బాగున్నాయి కానీ ఎవరూ మధు గురించి మాట్లాడటం లేదు.

బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద చిలక జోస్యం అతన్ని చూసే ఉంటారు. పేరు అడిగి, పంజరం తలుపు ఎత్తుతాడు. చిలక నడుచుకుంటూ వచ్చి వరసగా పేర్చిన కవర్ల మీద ముక్కు పెడుతుంది. ఒకటి లాగి పక్కన పారేస్తుంది, ఇంకోటి పారేస్తుంది, మూడోదో నాలుగోదో అతని చేతికిస్తుంది. ఒక వడ్లగింజ తీసుకుని లోపలికి పోతుంది. లోపల ఏముంటుంది? "నువ్వు నలుగురికీ చేస్తావు, నీకెవరూ చెయ్యరు. దగ్గరివాళ్ళే అర్థం చేసుకోలేదు." ఎవరికి కాదు చెప్పండి! ఫోరర్ అనే ప్రొఫెసర్ 1948లో స్టూడెంట్లందరికీ ఒకే కాగితం ఇచ్చి, ఇది నీ ఒక్కడి గురించే రాశాం, ఎంత సరిగ్గా ఉందో మార్కులెయ్యి అంటే, సగటున 5కి 4 పైనే వేశారు. బీఈడీలో చదివాను.

అయినా నేను చీటీల పక్షమే. మా అక్క పెళ్ళికి సంబంధం ఒకటి వచ్చినప్పుడు ఇంట్లో ఎటూ తేలలేదు. అమ్మ రెండు చీటీలు రాసి, మడతపెట్టి, దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన పెట్టి, మా తమ్ముడి చేత తీయించింది. "వద్దు" అని వచ్చింది. అమ్మ ఒక్క క్షణం చూసి, "వాడు చేతులు కడుక్కోలేదు, ఇంకోసారి తీద్దాం" అంది. నాన్న నవ్వేశారు. అమ్మకి ఆ సంబంధం కావాలని ఆ నిమిషం దాకా అమ్మక్కూడా తెలీదు. చీటీ ఏం చెప్పిందన్నది కాదు, అది చూసినప్పుడు మన మొహం ఏమైందన్నది చూడాలి.

లెక్కల_మాస్టారు (2:10)

అమ్మా పద్మా, బాగుంది. కానీ అందరూ మీ అమ్మగారిలా ఇంకోసారి తీద్దాం అనరు. నా దగ్గర చదివిన కుర్రాడొకడు ఇంటర్వ్యూకి బయల్దేరి, పిల్లి అడ్డొచ్చిందని వెనక్కి వచ్చి గంట కూర్చున్నాడు. రైలు పోయింది. "పిల్లి వల్లే చెడింది మాస్టారూ" అని ఇప్పటికీ చెబుతాడు. వాడు చెప్పేది నిజమే కూడా!

మధు గారూ, ఒక పని చెయ్యండి. పంపిన మెయిళ్ళు తెరిచి, నెల రోజులవి, ఎన్నిటికి సామెత అతికిందో ఎన్నిటికి అతకలేదో లెక్కపెట్టండి. గుర్తున్నవి కాదు, అన్నీ.

ఆటోనగర్_బాబాయ్ (2:14)

దేవుడికి ఆడిట్ పెట్టారు.

మధురవాడ_మధు (మంగళవారం, రాత్రి 9:50)

పెట్టాను బాబాయ్.

నెలలో 212 మెయిళ్ళు. ఎంతో కొంత అతికినవి 19. అందులో అప్పట్లో నేను గమనించినట్టు గుర్తున్నవి రెండంటే రెండు. మిగతా 193 ఉత్తివే. బాకీ గుర్తుచేస్తూ ఒక క్లయింట్‌కి రాసినదాని కింద "చచ్చినవాడి పెళ్ళికి వచ్చిందే కట్నం" అని వెళ్ళింది. చూసి చెమటలు పట్టాయి. వాళ్ళేమీ అనలేదు, డబ్బు మాత్రం మర్నాడే వేశారు.

అసలు సంగతి అది కాదు. డ్రాఫ్టుల ఫోల్డర్ కూడా తెరిచాను. గురువారం నాటి రాజీనామా అందులో ఒకటి కాదు, మూడున్నాయి. 6:10కి మొదలుపెట్టి రెండు లైన్లు రాసి వదిలేశాను. 6:22కి మళ్ళీ. 6:40కి పూర్తిగా రాసింది. మూడుసార్లు తెరిచానన్నది కూడా గుర్తు లేదు. మొదటిదాని కింద ఉన్న సామెత "ధైర్యే సాహసే లక్ష్మి". రెండోదాని కింద "అడగందే అమ్మయినా పెట్టదు".

రుషికొండ_రూట్ (9:58)

ఆగు ఆగు. మొదటిది పో అంది. రెండోది ఇక్కడే జీతం పెంచమని అడుగు అంది. మూడోది ఉండిపో అంది. అంతేనా?

బీచ్‌రోడ్డు_బజ్జీ (9:59)

చిలక రెండు కవర్లు పక్కన పారేసిందన్నమాట.

లెక్కల_మాస్టారు (10:07)

మూడుసార్లు తీశారని ముందే చెప్పి ఉంటే లెక్క మారేది. ఆ ఐదులో ఏదో ఒకటి తగిలే అవకాశం 12కి 1 కాదు, వందకి 23 దాకా ఉంటుంది. మీరు బయటపెట్టిన ఆ రెంటినీ కూడా అతికేవాటిలో వేసుకుంటే ఇంకా ఎక్కువ.

ఆటోనగర్_బాబాయ్ (10:15)

అదే మాస్టారూ నేననేది! మొదటి రెండూ కుర్రాడి కంట పడకుండా చేసి, మూడోదే చూపించింది ఎవరు?

లెక్కల_మాస్టారు (10:18)

ఇక మిమ్మల్ని ఓడించడం నా వల్ల కాదు.

పద్మ_ఎంవీపీ (10:30)

మధూ, రెండోది ఇప్పుడు చూశాక ఏమనిపించింది?

మధురవాడ_మధు (10:52)

అడగొచ్చని అసలు తట్టనేలేదు అక్కా. నాలుగేళ్ళు చేశాను ఇక్కడ, ఒక్కసారి అడగలేదు. హైదరాబాద్ వాళ్ళని శుక్రవారం దాకా ఆగమన్నాను. రేపు పదకొండుకి మాట్లాడాలని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. కింద ఏం వచ్చిందో చూడకుండా పంపేశాను.

రుషికొండ_రూట్ (10:53)

పంపిన మెయిళ్ళలో ఉంటుంది కదా బ్రో.

మధురవాడ_మధు (10:54)

తెలుసు.