గ్రూపు అప్పు తీర్పించేది పరువా, నమ్మకమా? మాఫీలు ఆ అలవాటును చెడగొట్టాయా?

కృష్ణాతీరం:
మొన్న మా ఊళ్ళో ఒక పెద్దాయన "మాఫీలు వచ్చాక ఆడవాళ్ళకి అప్పు తీర్చాలన్న బుద్ధే పోయింది" అన్నారు. మనసు నొచ్చుకుంది. పదేళ్ళు డ్వాక్రా సంఘానికి పుస్తకాలు రాసినదాన్ని, అందుకే అడుగుతున్నాను.

నెలకు 30 రూపాయల పొదుపుతో మొదలుపెట్టాం. బ్యాంకు అప్పుకి తాకట్టు పెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఒక సభ్యురాలి భర్తకు పక్షవాతం వస్తే మూడు వాయిదాలు కట్టలేకపోయింది. మిగతా తొమ్మిది మందీ పంచుకుని కట్టారు. మిర్చి కోతలప్పుడు ఆవిడ కూలి డబ్బులు కొంగున ముడేసుకుని వచ్చి, ఇంటింటికీ తిరిగి ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టింది. ఎవరూ అడగలేదు. అలాంటి మనుషుల్ని పట్టుకుని బుద్ధి లేదంటారా?

పాత క్యాషియర్:
అమ్మా, మీరు చెప్పింది నిజమే. నేను చూసింది కూడా చెప్పనివ్వండి. 2014 ఎన్నికల్లో డ్వాక్రా మాఫీ హామీ వచ్చినప్పుడు నేను బ్రాంచిలోనే ఉన్నాను. అప్పటిదాకా ఠంచనుగా కట్టిన సంఘాలు ఆగిపోయాయి. ఒక లీడరమ్మ డబ్బు తెచ్చి, కౌంటరు ముందు నిలబడి, "సార్, ఇప్పుడు కట్టినవాళ్ళం నష్టపోతామా?" అని అడిగింది. నేనేం చెప్పలేకపోయాను. డబ్బు మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. చివరికి మాఫీ బదులు పసుపు-కుంకుమ పేరుతో మనిషికి 10 వేలు విడతలుగా ఇచ్చారు. ఈలోగా కట్టని నెలలకు వడ్డీ పడుతూనే ఉంది.

ఆమె బుద్ధి చెడలేదు. పక్కవాళ్ళు కూడా కడతారన్న నమ్మకం పోయింది. నా ఉద్దేశంలో ఎన్నికల హామీ చేసే అసలు నష్టం అదే.

పాలమూరు రైతుబిడ్డ:
పెద్ద కంపెనీల బాకీలు వేల కోట్లు రైటాఫ్ చేస్తే అలవాటు చెడిందని ఎవరూ అనరు. పేదోళ్ళ దగ్గరికి వచ్చేసరికే నీతులు గుర్తొస్తాయి.

పాత క్యాషియర్:
బాబూ, రైటాఫ్ చేసినా వసూలు ఆపరు, అది మాఫీ కాదు. కానీ నీ కోపం న్యాయమైనదే. పెద్దవాళ్ళు ఎగ్గొట్టి తిరుగుతుంటే చూసే చిన్నవాళ్ళకి కట్టాలని ఎందుకు అనిపిస్తుంది?

పత్తిచేను:
అక్కా, పరువుని అంత గొప్పగా చెప్పకండి. 2009లో మా అమ్మ ఒక మైక్రోఫైనాన్స్ గ్రూపులో ఉండేది, అంటే తాకట్టు లేకుండా గ్రూపులకి చిన్న అప్పులిచ్చే ప్రైవేటు కంపెనీది. ప్రతి వారం పొద్దున ఏడింటికి ఏజెంటు వచ్చేవాడు. ఒకసారి 200 తక్కువయ్యాయి. ఆమె కట్టేదాకా ఎవరూ లేవకూడదన్నాడు. కూలికి టైమైపోతోంది. అందరూ ఒక్క మాట కూడా అనకుండా అమ్మ వైపే చూస్తూ కూర్చున్నారు. అమ్మ లోపలికెళ్ళి నా పట్టీలు తెచ్చి పక్కింటావిడకి ఇచ్చి 200 తీసుకుంది. ఆ తర్వాత చాలా రోజులు బోరింగు దగ్గరికి వెళ్ళలేదు.

2010 అక్టోబరులో ఈ కంపెనీల వసూళ్ళని కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వాయిదాలు పోయి నెల వాయిదాలయ్యాయి, ఇళ్ళ మీదికి రావడం ఆగింది. అప్పుల బాధతో ఆత్మహత్యలని రోజూ పేపర్లో చూస్తున్న రోజులవి, మాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. కంపెనీల వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి, కొత్త అప్పులూ ఆగిపోయాయి. మరుసటి ఏడు విత్తనాలకి అమ్మ అయిదు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఇదీ జరిగింది, దాచను.

కృష్ణాతీరం:
తల్లీ, మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అక్కడా పదిమంది ఆడవాళ్ళే, ఇక్కడా పదిమందే. మేం ఆగగలిగాం, వాళ్ళు ఆగలేకపోయారు. ఎందుకంటే మా దగ్గర తీర్మానం పుస్తకం ఉంది. ఎవరికి ఎన్నాళ్ళు గడువివ్వాలో మేమే కూర్చుని రాసుకునేవాళ్ళం. మీ దగ్గర ఆ నిర్ణయం కంపెనీది, ఒత్తిడి మాత్రం ఇరుగుపొరుగుది. మనుషుల మధ్య ఉన్న మొహమాటాన్ని తాకట్టుగా వాడుకోవడం తప్పు, వడ్డీ ఎంత తక్కువైనా తప్పే.

పావలా వడ్డీ నాకు నచ్చింది అందుకే. సక్రమంగా కట్టినవాళ్ళకే పావలాకి పైన పడ్డ వడ్డీ ప్రభుత్వం నుంచి వెనక్కొచ్చేది, కట్టినవాళ్ళు నష్టపోయామని అనుకోలేదు. కరువు ఏడాదిలో గడువు పెంచండి, మాఫీ ఆశ మాత్రం పెట్టకండి అంటాను.

పత్తిచేను:
గడువిచ్చే అధికారం సంఘానికే ఉండాలంటే నేనూ ఒప్పుకుంటాను. ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ పదిమందీ ఒకే వాడ వాళ్ళా?

కృష్ణాతీరం:
అవును, ఒకే వాడ. అవతలి వాడ నుంచి ఒకావిడ చేరతానని రెండుసార్లు వచ్చింది. మేం చేర్చుకోలేదు. "పరిచయం లేదు" అని పుస్తకంలో కారణం రాసింది నేనే. ఆవిడా మేమూ రోజూ ఒకే చేలో కూలి చేసేవాళ్ళం.