సస్సానిద్ సామ్రాజ్యాన్ని కూల్చింది పెద్ద వంశాలా, రాజులా?

గౌతమీతీరం:
క్రీ.శ. 651లో ఇరాన్‌ను ఏలిన సస్సానిద్ రాజుల్లో చివరివాడు మూడో యజ్దగిర్ద్ మధ్య ఆసియాలోని మెర్వ్ దగ్గర హతుడయ్యాడు. నాలుగు వందల ఏళ్లకు పైగా సాగిన సస్సానిద్ పాలన దాంతో ముగిసింది. దోషం ఎవరిది? నా మట్టుకు సూరేన్, కారేన్, మిహ్రాన్, ఇస్పహ్‌బుధాన్ లాంటి పెద్ద వంశాలదే. రాజ్యం కంటే తమ ఇంటిపేరే గొప్పదనుకున్నారు. 628లో రెండో ఖుస్రోను దించేశారు. ఆ తర్వాత నాలుగేళ్లలో ఒక పసివాడు, ఒక సేనాని, ఇద్దరు రాణులు సింహాసనం ఎక్కారు, దిగారు. అరబ్బు సేనలు గడప దాకా వచ్చేసరికి వీళ్లింకా పాత పగలు తీర్చుకుంటున్నారు. మీరేమంటారు?

రాతిరాత:
మీరు చెప్పినవన్నీ జరిగినవే. కాకపోతే కథ 628లో మొదలుపెడితే తప్పంతా వంశాలదే అనిపిస్తుంది. కాస్త వెనక్కి వెళ్దాం.

224లో హోర్మోజ్‌దగాన్ యుద్ధంలో అర్దషీర్, అంతకుముందు ఇరాన్‌ను ఏలిన పార్థియన్ల రాజు అర్తబానుస్‌ను చంపి కొత్త రాజవంశాన్ని నిలబెట్టాడు. పార్థియన్ రాజు పోయాడు గానీ పార్థియన్ దొరలు ఎక్కడికీ పోలేదు. అర్దషీర్ కొడుకు మొదటి షాపూర్ నక్ష్-ఎ-రుస్తంలో చెక్కించిన శాసనంలో తండ్రి కొలువులోని పెద్దల పేర్లూ, తన కొలువులోని పెద్దల పేర్లూ ఉన్నాయి. వాళ్లలో సూరేన్, కారేన్, వరాజ్ ఇళ్లవాళ్లు కనిపిస్తారు. హాజీఆబాద్ శాసనం నాకు ఇంకా ఇష్టం. తాను బాణం వేసిన సంగతి చెబుతూ, ఎవరి ఎదుట వేశాడో కూడా షాపూర్ అందులో రాయించాడు: సామంత రాజులు, రాజకుటుంబీకులు, మహాదొరలు, కులీనులు. ఒక్క బాణం వేయడానికి కూడా వాళ్లు సాక్షులుగా ఉండాలి!

ఎందుకంటే సైన్యంలో పెద్దభాగం వాళ్ల చేతుల్లోనే ఉంది. ఆ రోజుల్లో యుద్ధం గెలిపించేది నిలువెల్లా కవచం తొడిగిన ఆశ్వికదళం. ఆ గుర్రాలను మేపే భూములు, రౌతులు, కవచాలకయ్యే ఖర్చు, అన్నీ ఈ ఇళ్లవే. ఇది పార్థియన్ల కాలం నుంచీ ఉన్నదే. క్రీ.పూ. 53లో కర్రే దగ్గర రోమన్ సేనాని క్రాసస్‌ను చిత్తు చేసిన సూరేన్ సేనాని తన సొంత మనుషులతోనే పదివేల రౌతులను దించగలిగేవాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. రాజు తలకు కిరీటం పెట్టే హక్కు వాళ్ల ఇంటిదే. మరి అంతటి విజయం తెచ్చినవాడికి ఏం దక్కింది? రాజు ఒరోదిస్ అసూయతో చంపించాడు. నమ్మకద్రోహాల లెక్క తీస్తే రాజుల ఖాతా కూడా తెరవాలి.

తుంగభద్ర:
రాతిరాత గారూ, ఈ లెక్కలో రైతు ఎక్కడున్నాడు? మొదటి ఖుస్రో (531–579) సంస్కరణలకు ముందు పన్ను అంటే పంటలో వాటా. అధికారి వచ్చి అంచనా కట్టేదాకా పండిన పంట ముట్టుకోవడానికి లేదు. తండ్రి కవాద్ మొదలుపెట్టిన భూమి కొలతలను ఖుస్రో పూర్తి చేశాడు. పంటను బట్టి, విస్తీర్ణాన్ని బట్టి వెండి నాణేల్లో స్థిరమైన శిస్తు పెట్టాడు, ఏడాదికి మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చు. దొరల మీద ఆధారపడకుండా చిన్న భూస్వాములైన దెహ్కాన్లను పైకి తెచ్చాడు. వంశాల పట్టు సడలించకుండా ఇవన్నీ అయ్యే పనులా? నేను రాజు పక్షమే.

రాతిరాత:
శిస్తు విషయంలో మీతో గొడవ లేదు. అయితే తలపన్ను నుంచి దొరలను, సైనికులను, పూజారులను, లేఖకులను తప్పించింది కూడా ఆ ఖుస్రోనే. ఇక వంశాల పట్టు సడలిందా? ఒకే మహాసేనాని బదులు నలుగురిని నాలుగు దిక్కులకూ పెట్టాడు, బాగుంది. ఆ సేనానుల మట్టి ముద్రలను 2001లో పరిశోధకురాలు రికా గీజెలెన్ ప్రచురించారు. వాటి మీద చూస్తే మళ్లీ మిహ్రాన్ ఇంటివాళ్లు, మళ్లీ పార్థియన్ బిరుదులు! పదవి కొత్తది, మనుషులు పాతవాళ్లే. దేశమంతా రాజు గుప్పిట్లో ఉందన్న, చరిత్రకారుడు క్రిస్టెన్‌సన్ కాలపు అభిప్రాయాన్ని చరిత్రకారిణి పర్వానె పూర్‌షరియతి 2008లో ఇలాంటి ఆధారాలతోనే ఎదిరించారు. ఆమె దృష్టిలో అది రాజుకూ పార్థియన్ వంశాలకూ మధ్య ఒప్పందం మీద నడిచిన పొత్తు. నేను దాన్నే నమ్ముతాను.

ఆ ఒప్పందాన్ని పదేపదే తెంచింది ఎవరు? 484లో రాజు పెరోజ్ మధ్య ఆసియాకు చెందిన హెఫ్తలైట్ల చేతిలో సేనతో సహా నాశనమైతే, దేశాన్ని నిలబెట్టింది కారేన్ ఇంటి సూఖ్రా. పెరోజ్ కొడుకు కవాద్ పెద్దవాడయ్యాక మిహ్రాన్ ఇంటి షాపూర్‌ను పిలిపించి సూఖ్రాను తుదముట్టించాడు. "సూఖ్రా గాలి ఆగింది, మిహ్రాన్ గాలి వీస్తోంది" అని జనం సామెతగా చెప్పుకున్నారని చరిత్రకారుడు తబరీ రాశాడు. ఒక ఇంటి మీదికి మరో ఇంటిని ఉసిగొల్పడం రాజనీతి అయిపోయింది. తర్వాత నాలుగో హోర్ముజ్ద్ ఏం చేశాడు? తురుష్కులను ఓడించి వచ్చిన మిహ్రాన్ ఇంటి బహ్రాం చోబీన్‌ను అవమానించి తిరుగుబాటుకు నెట్టాడు. 590లో బహ్రాం తానే రాజునని నాణేలు వేయించుకున్నాడు. హోర్ముజ్ద్ కొడుకు రెండో ఖుస్రో రోమన్ చక్రవర్తి మారిస్ సాయంతో తిరిగి వచ్చాడు. అతను గద్దెనెక్కడానికి దారి వేసింది ఇస్పహ్‌బుధాన్ ఇంటి మేనమామలు విందూయ్, విస్తామ్. గద్దె కుదురుకున్నాక విందూయ్‌ను చంపించాడు, విస్తామ్ ఏళ్ల తరబడి ఉత్తరాన తిరగబడ్డాడు. సొంత మేనమామలకే రక్షణ లేని చోట ఏ ఇల్లు రాజును నమ్ముతుంది?

ఓరుగల్లు_కోట:
చిన్న సందేహం. నాసిక్ శాసనంలో గౌతమీ బాలశ్రీ తన కొడుకు శాతకర్ణిని శక, యవన, పహ్లవులను నిర్మూలించినవాడని పొగుడుతుంది కదా. ఆ పహ్లవులు వీళ్లేనా?

రాతిరాత:
పార్థియన్లేనండీ, అయితే భారత్ వైపు వచ్చి స్థిరపడ్డవాళ్లు. సీస్తాన్ నుంచి గాంధారం దాకా ఏలిన గొండోఫేర్స్ సూరేన్ ఇంటివాడేనని కొందరి వాదన. అది వేరే చర్చ పెట్టుకోవలసినంత పెద్దది.

గౌతమీతీరం:
602 నుంచి 628 దాకా రోమ్‌తో యుద్ధం ఖజానాను ఊడ్చేసింది, 628లో తెగులు కొత్త రాజునే మింగింది, ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ రాతిరాత గారూ, నేటి టెహ్రాన్ దగ్గరున్న రేయ్ నగరం మాటేమిటి? బహ్రాం చోబీన్ మనుమడు సియావఖ్ష్ అక్కడ అరబ్బులను ఎదిరిస్తుంటే, అదే ఊరి పెద్ద జీనబీ వెళ్లి శత్రువుతో చేతులు కలిపాడు. రాత్రిపూట దొంగదారిన వాళ్ల రౌతులను ఊళ్లోకి నడిపించాడు. పాత నగరం నేలమట్టమైంది, జీనబీకి పెత్తనం దక్కింది. దీన్ని కూడా కవాద్ ఖాతాలో వేస్తారా?

ఇంకోటి. రాజవంశం పోయింది, ఇళ్లు మాత్రం బతికాయి. కాస్పియన్ సముద్రానికి దక్షిణాన ఉన్న తబరిస్తాన్ కొండల్లో కారేన్ వారసులమన్నవాళ్లు 9వ శతాబ్దంలో మాజియార్ అనే పాలకుడి దాకా ఏలారు. అక్కడి బావంద్ పాలకులు 1349 దాకా ఉన్నారు. తర్వాత మధ్య ఆసియాను ఏలిన సామానీలు బహ్రాం చోబీన్ వంశం చెప్పుకున్నారు. ఇల్లు నిలబెట్టుకోవడానికి రాజ్యాన్ని వదులుకున్నారనే నేనంటాను.

రాతిరాత:
జీనబీని నేను సమర్థించను. కానీ మీరు చెప్పిన ఉదాహరణలోనే ఎదిరించి నిలిచినవాడు మిహ్రాన్ ఇంటివాడు. అరబ్బులతో జరిగిన కాదిసియ్యా యుద్ధంలో సేన ముందు నిలిచి ప్రాణం పోగొట్టుకున్న రుస్తం ఫరోఖ్‌జాద్ ఇస్పహ్‌బుధాన్ ఇంటివాడు. ఆ రుస్తం తండ్రిని కొన్నేళ్ల ముందే రాణి ఆజర్మిదుఖ్త్ చంపించింది. దానికి అతను రాణి మీద కక్ష తీర్చుకున్నాడు, నిజమే. అయినా సస్సానిద్ కిరీటం కోసమే యుద్ధానికి వెళ్లాడు. యజ్దగిర్ద్ ఊరి నుంచి ఊరికి తరలిపోతూ పదేళ్లకు పైగా బతికింది కూడా ఏదో ఒక దొర ఇంటి ఆశ్రయంలోనే. మెర్వ్‌లో ఆ ఆశ్రయం కరువైంది.