ఒక్కరికి రాంచ్‌లో గది దొరకదా? సాయం చేయండి

నీలిగుర్రం:
పొద్దుట్నుంచీ ఇదే పని. అమెరికాలో గుర్రపు స్వారీ చేస్తూ సెలవులు గడపడానికి అతిథులకి గదులిచ్చే పశువుల క్షేత్రాలు ఉంటాయి కదా, వయోమింగ్, మోంటానా, కొలరాడోల్లో అలాంటి రాంచ్‌ల సైట్లన్నీ తిరగేశాను. ఏ తేదీ పెట్టినా ఖాళీ లేదంటోంది. ఒకచోట గది చూపించింది గానీ, ఒక్కదానికే దాదాపు ఇద్దరి రేటు! ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి గది ఇవ్వరా ఏంటి? నాకు గుర్రపు స్వారీ వచ్చు. తల పగిలిపోతోంది. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

చుక్కాని:
ఏ నెల? ఎన్ని రాత్రులు?

పాతజీను:
గది కంటే ముందు బూట్ల సంగతి చూసుకోండమ్మా. స్నీకర్లతో గుర్రం ఎక్కొద్దు. మడమ ఒక అంగుళమైనా ఎత్తుండాలి, అడుగు నున్నగా ఉండాలి. మడమ లేకపోతే పాదం రికాబులోంచి ముందుకి జారిపోతుంది. అప్పుడు కిందపడితే కాలు అందులోనే ఇరుక్కుంటుంది, గుర్రం ఈడ్చుకుపోతుంది. హైకింగ్ బూట్లు కూడా వద్దు, ఆ గరుకు అడుగు సమయానికి ఊడిరాదు. హెల్మెట్ పెద్దవాళ్లకి తప్పనిసరి కాదని చాలాచోట్ల వదిలేస్తారు, మీరే అడిగి తీసుకోండి.

నీలిగుర్రం:
బూట్లు తర్వాత కొంటానండీ, ముందు గది దొరకాలి కదా. జులై 4 వారాంతం, శుక్రవారం నుంచి సోమవారం. టెక్సస్‌లో ప్లానోలో ఉంటాను.

చుక్కాని:
అదే కారణం. వేసవిలో ఆ రాంచ్‌లు చాలావరకు వారం లెక్కనే ఇస్తాయి, ఎక్కువగా ఆదివారం నుంచి ఆదివారం. మూడు రాత్రులు అడిగితే ఖాళీ ఉన్నా చూపించదు.

మైదానం:
రేటు గురించి చెప్తాను. క్యాబిన్‌లో ఇద్దరుంటారన్న లెక్కతో మనిషికింత అని వేస్తారు. ఒక్కరే వస్తే రెండో మంచం నష్టం మన మీద పడుతుంది, దాన్నే సింగిల్ సప్లిమెంట్ అంటారు. జులైలో పిల్లలున్న కుటుంబాలతో నిండిపోతాయి కాబట్టి తగ్గించరు. బడులు తెరిచాక సెప్టెంబరులో అడగండి, కొన్ని రాంచ్‌లు పెద్దవాళ్లకే అని వారాలు కేటాయిస్తాయి. సైట్‌ని నమ్ముకోకుండా ఫోన్ చేసి సప్లిమెంట్ తీసేస్తారా అని అడగండి. భోజనం, స్వారీ సాధారణంగా రేటులోనే కలిపి ఉంటాయి, టిప్పు 15 నుంచి 20 శాతం విడిగా. ఒంటరిగా అని భయపడకండి, చాలాచోట్ల పొడుగు బల్లల దగ్గర అందరూ కలిసే తింటారు, రెండో పూటకే పలకరింపులు మొదలవుతాయి.

గడ్డిమేటు:
అంత డబ్బు పోసి వరసలో ఒక గుర్రం వెనక ఇంకోటి నడవడమా! నిజంగా పశువులు మేపే వర్కింగ్ రాంచ్‌కి వెళ్లండి, మందతోలడం నేర్పిస్తారు.

చుక్కాని:
ఆమె ఎంత స్వారీ చేయగలరో తెలియకుండా చెప్పకండి.

గడ్డిమేటు:
స్వారీ వచ్చని ఆమే రాశారు కదా.

పాతజీను:
వచ్చు అంటే ఎంత వచ్చమ్మా? ఎక్కడ నేర్చుకున్నారు?

నీలిగుర్రం:
కాలేజీ రోజుల్లో హైదరాబాద్‌లో, ఒక క్లబ్బులో.

పాతజీను:
అయితే అది ఇంగ్లిష్ పద్ధతి, రెండు చేతులా పగ్గాలు బిగువుగా పట్టుకుంటారు. ఇక్కడ వెస్టర్న్. పగ్గాలు వదులుగా ఒక్క చేత్తో పట్టుకుని, ఆ చేతిని తిప్పాల్సిన వైపుకి జరిపితే అవతలి వైపు పగ్గం మెడకి ఆనుతుంది, గుర్రం తిరుగుతుంది. పాత అలవాటుతో బిగించి లాగితే ఆగిపోతుంది, కొన్నయితే వెనక్కి నడుస్తాయి. మొదటి రోజే మీరు నేర్చుకున్నది ఏ పద్ధతో చెప్పండి, గుర్రాన్ని దాన్ని బట్టే ఇస్తారు. ఎక్కువ చెప్పుకోవద్దు.

మైదానం:
మూడు రాత్రులే కుదురుతాయంటే టెక్సస్‌లోనే బండేరా చూడండి. శాన్ ఆంటోనియోకి దగ్గర, మీకు కారులో అయిదు గంటల పైన. అక్కడ తక్కువ రోజులకీ ఇస్తారు. జులైలో ఎండ మాత్రం మండిపోతుంది.

నీలిగుర్రం:
మోంటానాకి ఫోన్ చేశాను, సెప్టెంబరు రెండో వారం ఉందట. సెలవు దొరుకుతుందో లేదో చూడాలి. థాంక్స్ అందరికీ.

కొండదారి:
మధ్యలో అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. నేను 110 కిలోలు. ఎక్కనిస్తారా?

చుక్కాని:
చాలాచోట్ల హద్దు 220 నుంచి 250 పౌన్ల మధ్య, అంటే దాదాపు 100 నుంచి 113 కిలోలు. డబ్బు కట్టకముందే కనుక్కోండి.