డాక్టర్ స్ట్రేంజ్ కామిక్స్: మంత్రయుద్ధాల నడుమ ఇల్లు, మనుషులు

తెరచాప:
సినిమాలు చూశాక, శస్త్రవైద్యుడి నుంచి మాంత్రికుడైన మార్వెల్ హీరో డాక్టర్ స్ట్రేంజ్ కామిక్స్ చదవడం మొదలుపెట్టాను. యుద్ధాలు బాగున్నాయి. అయితే నన్ను పుస్తకం మూయనివ్వనిది అతని ఇల్లు. న్యూయార్క్, గ్రీనిచ్ విలేజ్, 177ఎ బ్లీకర్ వీధి. అక్కడ వంట చేసిపెట్టే వాంగ్, వేళాపాళా లేకుండా సాయం కోరి వచ్చేవాళ్లు. చీకటి లోకాల ప్రభువులతో పోరాడి వచ్చిన మనిషి కూడా ఆ గుమ్మంలోకి అడుగుపెట్టాక ఎవరో ఒకరికి జవాబు చెప్పాలి. ఈ రెండు బతుకులూ కలిసి నడిచిన కథలు ఏవో, మీకు ఎందుకు నచ్చాయో చెప్పండి. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి చదవాలని ఉంది.

పాతసంచిక:
మొట్టమొదటి కథ నుంచే మొదలుపెట్టండి. స్ట్రేంజ్ టేల్స్ 110వ సంచిక, 1963 జూలై. రచన స్టాన్ లీ, బొమ్మలు స్టీవ్ డిట్కో. ఉన్నవి అయిదే పేజీలు. రోజూ ఒకే పీడకలతో నిద్రకు దూరమైన ఒకాయన స్ట్రేంజ్ దగ్గరికి వస్తాడు. స్ట్రేంజ్ అతని కలలోకి దిగుతాడు. అక్కడ గొలుసులు చుట్టుకున్న ఆకారం ఒకటి కనిపిస్తుంది. అతను వ్యాపారంలో ముంచేసిన మనిషిని గుర్తుచేసే ఆకారం అది. కలల లోకపు శత్రువు నైట్‌మేర్ కూడా కథలో ఉన్నాడు, పోరాటమూ ఉంది. కానీ జబ్బుకు మూలం మాత్రం ఆ మనిషి చేసిన ద్రోహమే. తప్పు ఒప్పుకుంటే తప్ప నిద్ర రాదని చివరికి అతనికే తెలుస్తుంది. ఎంత మంత్రం వేసినా తీరని పని ఒకటి మనిషికి మిగిలే ఉంటుందని తొలి కథే చెప్పేసింది.

ఆ తర్వాత 1965, 66లలో డిట్కో గీసిన పొడవైన వరుస చదవండి. చీకటి లోకపు ప్రభువు డోర్మమ్ము ఇచ్చిన బలంతో శత్రు మాంత్రికుడు మోర్డో వెంటాడుతుంటే స్ట్రేంజ్ ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. అవతల అతనికి మంత్రవిద్య నేర్పిన గురువు స్పృహలేకుండా పడి ఉంటాడు. శిష్యుడి దిగులంతా ఆయన గురించే. 146వ సంచికతో డిట్కో వెళ్లిపోయాడు.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది 2006లో మొదలైన ‘ది ఓత్’. అయిదు సంచికలు, రచన బ్రయన్ కె. వాన్, బొమ్మలు మార్కోస్ మార్టిన్. తుపాకీ గుండు తగిలిన స్ట్రేంజ్‌ను వాంగ్ మోసుకొచ్చి, గాయపడ్డ హీరోలకు వైద్యం చేసే నైట్ నర్స్ క్లినిక్‌లో పడుకోబెట్టడంతో కథ మొదలవుతుంది. లోకాలను కాపాడే మాంత్రికుడు రోగిగా బల్ల మీద ఉంటాడు, అతని ప్రాణం మామూలు వైద్యం చేతిలో ఉంటుంది.

అసలు రోగి మాత్రం వాంగ్. అతని మెదడులో కణితి. ఆపరేషన్‌కు లొంగనిది. స్ట్రేంజ్ వేరే లోకానికి వెళ్లి, పోరాడి, ఒక మందు తెస్తాడు. అది వాంగ్ జబ్బునే కాదు, ఏ జబ్బునైనా నయం చేయగలదని తేలుతుంది. అది బయటికి వస్తే తమ వ్యాపారం ఏమవుతుందోనని ఒక మందుల కంపెనీ వెంటపడుతుంది. (కథ తెలియకుండా చదవాలనుకునేవారు కింది పేరా వదిలేయండి.)

చివరికి మిగిలేది ఒక్క చుక్క. దాన్ని లోకం కోసం దాచాలా, ఎదురుగా చనిపోతున్న స్నేహితుడికి ఇవ్వాలా? స్ట్రేంజ్ వాంగ్‌కే ఇస్తాడు. అది తప్పని వాదించేవాళ్లను చూశాను. వార్డులో పనిచేసే నాకు మాత్రం అది సరైన పని. వైద్యుడు చేసిన ప్రమాణం ముందుగా తన ఎదుట పడుకున్న రోగికి వర్తిస్తుంది. వేయిమందిని తలచుకుంటూ ఒకరి మంచం పక్కన నిలబడితే చేతులు ఆడవు.

గీతలబడి:
చేతుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. స్ట్రేంజ్ పేరున్న శస్త్రవైద్యుడు, కారు ప్రమాదంలో అతని చేతుల నరాలు దెబ్బతిన్నాయి. డిట్కో అతని మంత్రాలన్నీ ఆ వేళ్లతోనే వేయించాడు. మధ్య వేళ్లు మడిచి చూపుడు వేలు, చిటికెన వేలు చాచే ఆ భంగిమను బొమ్మలు నేర్చుకునే పిల్లలకు నేను గీసి చూపిస్తుంటాను. ఒకప్పుడు డబ్బు కోసమే పనిచేసిన చేతులవి. మార్టిన్ ఆ సంగతి బాగా పట్టుకున్నాడు. ‘ది ఓత్’లో చేతులను మాత్రమే వరుసగా చూస్తూ వెళ్లండి.

ఎదురుగాలి:
మీరంతా వాంగ్‌ను స్నేహితుడు అంటున్నారు. దశాబ్దాల పాటు అతను తలవంచి టీ అందించే ఆసియా సేవకుడిగానే ఉన్నాడు, అది ఆనాటి అమెరికన్ చూపు. ‘ది ఓత్’ నాకూ ఇష్టమే. అయినా అందులోనూ వాంగ్ బతకాలా వద్దా అనేది వేరొకరి నిర్ణయంగానే జరుగుతుంది. క్లియా సంగతీ అంతే. 1964లో వచ్చిన ఆమెకు చాలా సంచికల వరకు పేరే లేదు. డోర్మమ్ము లోకంలో ఉంటూ, అతన్ని ఎదిరించి స్ట్రేంజ్‌కు సాయం చేసిన మనిషికి పేరు పెట్టకపోవడం ఏమిటి? తర్వాత ఆమెను స్ట్రేంజ్‌కు శిష్యురాలిగా, ప్రియురాలిగా ఒకేసారి ఉంచారు. పాఠం చెప్పేవాడూ ప్రేమించేవాడూ ఒకడే అయితే ఆమె ఎవరితో పోట్లాడాలి?

పాతసంచిక:
ఎదురుగాలి గారూ, మీ ప్రశ్ననే 1980ల మొదట్లో రోజర్ స్టెర్న్ కథలోకి తెచ్చాడు. ఆ ఇమడలేనితనం ముదిరి క్లియా స్ట్రేంజ్‌ను విడిచి తన లోకానికి వెళ్తుంది, అక్కడ తిరుగుబాటుకు నాయకత్వం వహిస్తుంది. ఎదిరించింది ఎవరిని? కన్నతల్లి ఉమర్‌ను, డోర్మమ్ము చెల్లెలిని. అంటే ఆమె యుద్ధం కూడా ఇంటి గొడవే.

అదే స్టెర్న్ 1989లో మైక్ మిన్యోలా బొమ్మలతో ‘ట్రయంఫ్ అండ్ టార్మెంట్’ రాశాడు. డాక్టర్ డూమ్ తన తల్లి ఆత్మను నరకాధిపతి మెఫిస్టో చెర నుంచి విడిపించమని స్ట్రేంజ్‌ను అడుగుతాడు. ఒక క్రూరుడు తల్లి కోసం నరకానికి వెళ్తాడు, తోడుగా వచ్చిన స్ట్రేంజ్‌కు అతన్ని నమ్మాలో లేదో తెలియదు. అమ్మాయితో చదివేటప్పుడు ఇది కాస్త తర్వాత పెట్టుకోండి, బరువైన కథ.

అర్ధరాత్రిటీ:
నా ఓటు జేసన్ ఆరన్, క్రిస్ బకాలోల వరుసకు, 2015 నుంచి. మంత్రం వాడితే ఒంటికి మూల్యం చెల్లించాలి అన్నది అందులో సూత్రం. స్ట్రేంజ్ మామూలు అన్నం తినలేడు, వాంగ్ వండే భయంకరమైన వేరే లోకాల పదార్థాలే దిక్కు. బ్రాంక్స్ నుంచి జెల్మా స్టాంటన్ అనే లైబ్రేరియన్ తల నిండా వింత పురుగులతో వచ్చి తలుపు తడుతుంది, ఆ తర్వాత ఆ ఇంటి పుస్తకాలు సర్దే పనిలో కుదురుతుంది. పుస్తకాలంటే ఇష్టమున్న పిల్లలు ఆమెను వదలరు.

ఇక్కడ ఎదురుగాలి గారికి జవాబు కూడా ఉంది. స్ట్రేంజ్ పడవలసిన బాధను తమ మీద వేసుకునే శిష్యుల బృందాన్ని వాంగ్ రహస్యంగా నడుపుతుంటాడు. ఈసారి నిర్ణయం వాంగ్‌ది, స్ట్రేంజ్‌కు చెప్పనైనా చెప్పలేదు. తన ప్రతి గెలుపు వెనక ఎవరో మూలుగుతున్నారని తెలిసిన తర్వాత అతను ఆ ఇంట్లో ఎలా కూర్చుంటాడు? నాకు అన్ని రాక్షసుల కంటే ఆ సంగతి ఎక్కువ భయం కలిగించింది.

ఎదురుగాలి:
ఆ వరుస నేను చదవలేదు, చదువుతాను. అయినా సేవకుడు ప్రాణం పెట్టి సేవ చేయడం గొప్ప అనే పాత భావం దాని కింద ఉందేమోనని అనుమానం. చదివి వచ్చి మళ్లీ రాస్తాను.

గోదారిగట్టు:
మన జానపద కథల్లో మాంత్రికుడు ఊరికి దూరంగా గుహలో ఉంటాడు, అతనికి పొరుగువాళ్లు ఉండరు. ఈయన అద్దె ఇళ్లు, హోటళ్లు, జనం ఉన్న వీధిలో ఉంటాడు. న్యూయార్క్ వెళ్లినప్పుడు బ్లీకర్ వీధిలో నడిచాను. కామిక్‌లో ఆ పెద్ద గుండ్రటి కిటికీ మామూలు మేడల మధ్య ఎందుకు అంత బాగుంటుందో అక్కడ అర్థమైంది.

రాత్రిడ్యూటీ:
తెరచాప గారూ, వరుస కావాలంటే నా సలహా ఇది. ముందు ఆ అయిదు పేజీల కథ, తర్వాత ‘ది ఓత్’, ఆపైన ఆరన్. అవి అయ్యాక 2022లో జెడ్ మెక్‌కే రాసిన ‘స్ట్రేంజ్’. అందులో క్లియా భర్త స్ట్రేంజ్ చనిపోయాడు, లోకాన్ని కాపాడే సర్వోన్నత మాంత్రికురాలి పదవి ఇప్పుడు ఆమెది. లోకం కాపాడే పని చేస్తూనే ఆయన్ని తిరిగి తెచ్చుకుంటానని పట్టుబడుతుంది. ఓదార్చడానికి వచ్చినవాళ్ల మాట వినదు. మా వార్డు బయట అలాంటి భార్యలు రోజూ కనిపిస్తారు. 2023లో అదే రచయిత పాస్కల్ ఫెర్రీ బొమ్మలతో మొదలుపెట్టిన వరుసలో ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం చేస్తారు, బ్యాట్స్ అనే దెయ్యం కుక్క కూడా ఉంటుంది. ఒకప్పుడు పేరైనా లేని క్లియా ఎక్కడిదాకా వచ్చిందో మీ అమ్మాయి చూడాలి.

తెరచాప:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ‘ది ఓత్’తో మొదలుపెడతాం. ఆ చుక్క మందు ఎవరికి ఇవ్వాలో చివరి సంచిక తెరవక ముందే మా అమ్మాయిని అడుగుతాను. ఏమన్నదో ఇక్కడే రాస్తాను.