డీజే మోతకు ‘స్టెంటోరియన్’ నప్పుతదా?

హనుమకొండ ప్రిపరేషన్: మోడల్ పేపర్ల ఒక బిట్ వచ్చింది. పెండ్లి బరాత్‌ల డీజే బాక్సుల మోతకు కిటికీ అద్దాలు అదిరినయ్, ఆ మోతకు తగిన ఇంగ్లిష్ విశేషణం ఏది? ఆప్షన్లు: స్టెంటోరియన్, స్టెర్టోరస్, సోనరస్, డెఫెనింగ్. ఆన్సర్ కీల స్టెంటోరియన్ అని ఇచ్చిన్రు. మా బ్యాచ్‌ల చానమంది డెఫెనింగ్ పెట్టిన్రు. ఏది కరెక్టో తెలిసినోళ్లు చెప్పున్రి.

పద్మాక్షి గుట్ట: కీ తప్పు. ఆ మాట పుట్టిందే మనిషి గొంతు నుంచి. హోమర్ ఇలియడ్ 5వ సర్గల స్టెంటర్ అనే గ్రీకు వీరుడు వస్తడు. అతని కేక 50 మంది కలిసి అరిచినంత ఉంటదట. హేరా దేవత అతని రూపంల వచ్చి గ్రీకు సైన్యాన్ని గద్దిస్తది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ‘మనిషి గొంతు విషయంలో’ అని హద్దు పెట్టే, బిగ్గరైన, బలమైన అనే అర్థం ఇస్తది. డీజే బాక్సుకు గొంతెక్కడిది?

కాజీపేట జంక్షన్: అంత గట్టిగ కొట్టేయకు అన్నా. మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు తీసి చూడు, ‘అత్యంత బిగ్గరైన’ అని మాత్రమే ఉంటది, గొంతు ముచ్చటే లేదు. మాట పుట్టుక ఒకటి, ఇయ్యాల్టి వాడుక ఇంకొకటి. రైలు హారన్‌కు వాడినా తప్పనలేం.

పద్మాక్షి గుట్ట: అర్థం కాడనే ఆగినవ్, దాని కిందున్న ఉదాహరణ చూడు: ‘స్టెంటోరియన్ టోన్స్’. మాట దేని పక్కన కూసుంటదో అక్కడ తెలుస్తది. వాయిస్, టోన్స్, షౌట్ పక్కన ఇముడుతది. మ్యూజిక్, ట్రాఫిక్, పటాకుల పక్కన పెడితే చదివేటోనికి తట్టుకుంటది.

ములుగు రోడ్ మేడమ్: ఈ బిట్‌ల అసలు ఆధారం అద్దాలు అదరడం. అంటే అడిగింది మోత తీవ్రత. డెఫెనింగ్ చెప్పేది అదే, చెవులు దిబ్బడేసేంత అని. అది డీజేకు, ఉరుముకు, జనం కేకలకు, దేనికైనా వస్తది. స్టెర్టోరస్ అక్షరాలతోటి మోసం చేసే ఆప్షన్. అది గురక పెట్టినట్టు బరువుగ తీసే శ్వాస, లాటిన్‌ల గురక పెట్టుడు అనే క్రియ నుంచి వచ్చింది. సోనరస్ అంటే లోతుగ, నిండుగ మోగేది, బిగ్గరగనే ఉండాలని లేదు. మన గైడ్లు స్టెంటోరియన్‌కు ‘గంభీరమైన’ అని రాస్తయ్, అందుకే పిల్లలు ఈ రెండింటిని కలిపేస్తరు. గంభీరం సోనరస్‌కు దగ్గర.

మైకు లేకుండ ఆఖరి వరుస దాక వినిపించే ఒగ్గుకథ కళాకారుని గొంతు స్టెంటోరియన్. ధర్నాల డిమాండ్ల మీద పట్టుబట్టి అరిచేటోళ్లు వొసిఫెరస్. అండ్ల అభిప్రాయం గట్టిగ చెప్పాలనే పంతం ఉంటది, శబ్దం ఒక్కటే కాదు.

హనుమకొండ ప్రిపరేషన్: మరి మైకుల మాట్లాడే లీడర్ గొంతుకు మేడమ్?

ములుగు రోడ్ మేడమ్: గొంతులనే ఆ బలముంటే మైకున్నా స్టెంటోరియనే. సన్నటి గొంతును ఆంప్లిఫయర్ పెంచితే అది ఉట్టి లౌడ్. గొంతుకు, డప్పుకు, డీజే బేస్‌కు మూడింటికీ పనికొచ్చే మాట కావాలంటే బూమింగ్ రాయి. స్టెంటోరియన్ ఉచ్చారణల ఒత్తు ‘టో’ మీద పడాలె. ముందు ‘వెరీ’ తగిలించకు, బిగ్గరతనం దాంట్లనే ఉన్నది.

కాజీపేట జంక్షన్: ఈ బిట్‌కు డెఫెనింగే, ఒప్పుకుంటున్న. హారన్ విషయంల మాత్రం నా మాట మీదనే ఉన్న. అర్థం ఇచ్చేటప్పుడు మెరియం వెబ్‌స్టర్ హద్దు పెట్టలే, మనమెందుకు పెట్టాలె?

పద్మాక్షి గుట్ట: రాసుకో, ఎవరు వద్దంటరు. పరీక్షల మాత్రం నప్పేది కాదు, అన్నిటికంటే బాగా నప్పేది అడుగుతరు. తమ్మీ, కీ మీద అభ్యంతరం పెట్టేటప్పుడు ‘మాకు తెలిసి తప్పు’ అని రాయకు. నిఘంటువు పేరు, అండ్ల ఇచ్చిన అర్థం, ఉదాహరణ రాసి, బిట్‌ల అద్దాలు అదిరిన ముక్కను ఎత్తిచూపు.