పక్కింటి పిల్లవాడి కోసం పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేస్తే ఏమవుతుంది?

మాది కర్నూలు జిల్లా, ఆదోని దగ్గర పల్లె. పక్కింటి దంపతులు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్తూ ఎనిమిదేళ్ల కొడుకును పెదనాన్న దగ్గర వదిలారు. వాడు బడి మానేసి మేకలు కాస్తున్నాడు. నిన్న మా అరుగు మీద అన్నం తింటుంటే వీపు మీద వాతలు కనిపించాయి. అడిగితే "పడ్డాను అత్తా" అన్నాడు. పడితే వాతలు తేలతాయా!

1098 ఉందని తెలుసు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లాలో బాలల సంక్షేమ సమితి ఉంటుందనీ తెలుసు. కానీ ఫోన్ చేసింది నేనేనని ఆ ఇంట్లో తెలిసిపోతుందా? పిల్లవాడిని వెంటనే తీసుకెళతారా, అమ్మానాన్నలను పిలిపిస్తారా? ముందు తల్లికి చెబుదామంటే, ఆమె బావగారిని నిలదీస్తుంది, దెబ్బలు వీడికి పడతాయి. ఇలాంటి ఫోన్ చేసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.