మైగ్రేన్, గుండెదడ రెండూ ఉన్నాయి, మందులు మొదలుపెట్టాలా?

శ్రీకాకుళం_కుర్రాడు:
ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, ఇక పోతానేమో అన్నంత భయం వేస్తోంది. ఈసీజీ, థైరాయిడ్ నార్మల్. దీనికి తోడు ఒకవైపు తలనొప్పి, వెలుతురు చూస్తే వాంతి. డాక్టరుగారు ప్రొప్రనొలాల్ రాశారు, తగ్గకపోతే ఆందోళనకి వాడే ఎస్కిటాలోప్రామ్ అన్నారు. అమ్మేమో మందులకి అలవాటు పడిపోతావు, అరసవల్లి మొక్కు తీర్చుకో అంటోంది. ఏం చేయమంటారు?

కోట_జంక్షన్, విజయనగరం:
ప్రొప్రనొలాల్ బీపీ మందే గానీ మైగ్రేన్ రాకుండా రోజూ వాడతారు, దడ, వణుకు కూడా తగ్గిస్తుంది కాబట్టి మీకు అది రాయడంలో అర్థముంది. ఆస్తమా ఉంటే మాత్రం పడదు. ఎస్కిటాలోప్రామ్ గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో వికారం, కాస్త టెన్షన్ ఎక్కువవచ్చు. రెండూ మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకూడదు. అమ్మగారు భయపడే అలవాటు ఆల్ప్రజోలాం లాంటి, టెన్షన్ వెంటనే తగ్గించే మత్తు మాత్రలతో.

పాలకొండ_అక్క:
నొప్పి మాత్రలు ఎన్ని వేస్తున్నావు తమ్ముడూ? పారాసిటమాల్ అయినా నెలలో 15 రోజులు దాటి నెలల తరబడి వేస్తే ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది, ఇది చాలామందికి తెలీదు. తేదీ, నిద్ర, తిండి రాసిపెట్టుకో. అరసవల్లి వెళ్లు, తప్పేముంది, ఖాళీ కడుపుతో ఎండలో క్యూ మాత్రం కట్టకు! రాత్రిపూట భయమేస్తే 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ.

శ్రీకాకుళం_కుర్రాడు:
చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఆయన అడగలేదు. అది చెప్పాకే మొదలుపెడతాను.